విచారణ కిటికీ: తా.క.లో రాసిన మాట

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో మూడింటికే జవాబు రాస్తున్నాను. మిగతావాళ్ళు కోపగించుకోకండి, మొదటిది చోటంతా తినేసింది. కొత్తగా చదివేవాళ్ళకు ఒక ముక్క: నేను డాక్టరునూ కాను, లాయరునూ కాను. తిరుపతిలో ఒక విచారణ కౌంటరు వెనకాల ఇరవై ఏడేళ్ళు కూర్చుని రిటైరైనదాన్ని. ఏ ఆఫీసని మాత్రం అడక్కండి, పింఛను ఇంకా అక్కణ్ణించే వస్తోంది.

ప్రశ్న: అమ్మా, నమస్కారం. నా వయసు 29. మాది చంద్రగిరి. తిరుపతిలో ఒక పెద్ద చీరల అంగట్లో రెండో అంతస్తులో నాలుగేండ్లుగా పని చేస్తా వుండాను. పొద్దున తొమ్మిదిన్నరకంతా లోపలుండాల. రాత్రి తొమ్మిదికి వదుల్తారు. మధ్యాన్నం అన్నానికి అర్ధగంట. మిగతా టయమంతా నిలబడే వుండాల. గిరాకీ లేకపోయినా కూర్చోగూడదు, కెమెరాలో చూస్తారు. బాత్రూం నాలుగో అంతస్తులో వుండాది, లిఫ్టు కస్టమర్లకే. అందుకని నీళ్ళు తాగేది తగ్గించేసినాను. సాయంత్రం ఆరయ్యేసరికి పాదాలు పొంగి మెట్టెలు వేళ్ళకు కోసుకుంటాయి. ఇంటికి పోయి సబ్బు రాసి తీస్తాను, పొద్దున మళ్ళా పెట్టుకుంటాను. మా అత్త చూసి, మెట్టెలు యాల తీసినావు అంటాది. పిక్కల మీద నీలంగా నరాలు తేల్తా వుండాయి. రాత్రిపూట ఉప్పు నీళ్ళలో కాళ్ళు పెడితే మంచిదా, చన్నీళ్ళలోనా? ఏ నూనె రుద్దుకోవాల? దయచేసి చెప్పండి.

ఇట్లు, ఒక సోదరి.

తా.క.: మా సెక్షన్లో ఒక స్టూలు వేయించమని అడగాలని శానా దినాల్నుంచి వుండాది. నోరు రాదు. దీనికి జవాబు రాయకపోయినా పర్వాలేదమ్మా.

జవాబు: అమ్మాయీ, నూనె సంగతి తర్వాత చూద్దాం. రెండు పేజీల ఉత్తరంలో నువ్వు నన్ను నిజంగా అడిగింది సంతకం కింద, సగం సైజు అక్షరాలతో, కాగితం అంచుకు ఆనించి రాసిన ఆ నాలుగు ముక్కలే. పైగా జవాబు రాయకపోయినా పర్వాలేదన్నావు. దానికే రాస్తాను.

ఈ సంగతి నాకు కౌంటరు నేర్పింది. కిటికీ ముందుకొచ్చే జనంలో సగం మంది అడగరు, చెబుతారు. "మేము నెల్లూరు నుంచి వస్తున్నామమ్మా. మా మనవడికి తలనీలాల మొక్కు. రాత్రి బండి లేటు. పిల్లోడికి నిద్ర లేదు, మా కోడలికీ ఒంట్లో బాగాలేదు..." ఇట్లా సాగుతుంది. వెనక లైను గొణుగుతూ ఉంటుంది. ఐదు నిమిషాలయ్యాక తేలేదేమిటంటే, కోడలు చంటిబిడ్డకు పాలిచ్చుకోవడానికి కాస్త మరుగు కావాలి. ఆ ఒక్క మాట కోసం పాపం ఆ పెద్దాయన నెల్లూరు నుంచి మొదలుపెట్టుకుని రావాల్సి వచ్చింది. నాకు విసుగొచ్చేది. అట్లా విసుక్కునే నేను అంతకంటే మేలేం కాదని తర్వాత తెలిసింది.

ఒకరోజు కుప్పం వైపునుంచి ఒక ముసలామె వచ్చింది. చంకలో గుడ్డసంచి. కిటికీ కమ్మీ పట్టుకుని, "అమ్మణ్ణీ, ఆకలేస్తా వుండాది. చేతిలో కాసు లేదు. అన్నం యాడ పెడతారు?" అనింది. అంతే. ముందు కథ లేదు, వెనక కథ లేదు. దారి చెప్పాను, తలాడించి పోయింది. గొంతులో దీనం లేదు, దబాయింపూ లేదు. బస్సు నంబరు అడిగినట్టు అడిగింది. ఆ రోజంతా నా చెవిలో అదే గొంతు. ఎందుకంటే అప్పటికి ఆరేళ్ళుగా నేను మా ఆఫీసులో ఒక గడియ కోసం అవస్థ పడుతున్నాను.

గడియ అంటే తలుపు గడియే. మేము ఆడవాళ్ళం నలుగురం, మా నలుగురికీ ఒక బాత్రూం. దాని గడియ ఎప్పుడో ఊడిపోయి, మేకులు దిగిన నాలుగు బొక్కలు మాత్రం మిగిలాయి. జోడుగా పోయేవాళ్ళం, ఒకరు లోపల, ఒకరు బయట తలుపు పట్టుకుని. జోడు దొరక్కపోతే ఓర్చుకునేవాళ్ళం. మా పెద్దసారుకు ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. "సార్, ఆ తలుపు సరిగా పడటం లేదు." ఆయన ఫైల్లోంచి తలెత్తి, "అవునమ్మా, పాతకాలం తలుపులు" అనేవాడు. "చాలా ఇబ్బందిగా ఉంది సార్." "ఇబ్బందే మరి." ఆయన చెడ్డమనిషేం కాదు. నేనొక సంగతి చెప్పాను, ఆయన కాదనకుండా ఒప్పుకున్నాడు. ఇంక ఆయన చేయాల్సిందేముంది? నేను మాత్రం ఇంటికొచ్చి చెప్పులు విదిలించి, "ఎన్నిసార్లు అడిగినా చెవిన పెట్టుకోడు" అని మా ఆయన దగ్గర మండిపడేదాన్ని. అడిగింది ఎప్పుడని?

ముసలామె వచ్చిపోయిన వారానికో పది రోజులకో, నాకప్పుడు రెండో కానుపుకు ఆరో నెల, సారు గదిలోకి పోయి, "సార్, నాకు ముప్పై రూపాయలు కావాలి" అన్నాను. "ఎందుకమ్మా?" అన్నాడు. "ఆడవాళ్ళ బాత్రూం తలుపుకు గడియ లేదు. బజారుకు పోయి నేనే కొనుక్కొస్తా. సాయంత్రం వడ్రంగిని పిలిపించండి." ఆయన తన జేబులోంచే తీసిచ్చాడు. ఆయన మొహం చూస్తే, ఆ తలుపుకు గడియ లేదన్న సంగతి ఆ నిమిషందాకా ఆయనకు తెలియదేమో అనిపించింది. 'సరిగా పడటం లేదు' అంటే కాస్త బిగుసుకుందేమో అనుకుని ఉంటాడు. ఆ సాయంత్రం కొత్త గడియ టక్కుమని పడిన చప్పుడు విని మేము నలుగురం ఒకరి తర్వాత ఒకరం ఊరికే లోపలికి పోయి వేసి తీసి వచ్చాం. ఆరేళ్ళు, ముప్పై రూపాయలకు! అందులోనూ నాలుగు రూపాయలు మిగిలితే తిరిగిచ్చాను.

కాబట్టి నువ్వు మీ సూపర్‌వైజరు దగ్గరికి పోయి కాళ్ళనొప్పి చెప్పుకోవద్దు. "కాళ్ళు లాగుతున్నాయి సార్" అంటే, "ఈ పనిలో ఎవరికి లాగవు?" అంటాడు. అదీ నిజమే, మాట అక్కడితో సరి. స్టూలు అడుగు. ఎన్ని కావాలి, ఎక్కడ వేయాలి, ఎప్పుడు కూర్చుంటారు, ఎప్పుడు లేస్తారు, అన్నీ లెక్కేసుకుని పో. నేనైతే ఇట్లా అడుగుతాను:

"సార్, మా సెక్షన్లో నలుగురం ఉన్నాం. గోడ వైపు రెండు స్టూళ్ళు వేయించండి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగున్నర దాకా గిరాకీ పల్చగా ఉంటుంది, అప్పుడు ఇద్దరిద్దరం మార్చుకుని కూర్చుంటాం. మెట్ల మీద కస్టమరు కనపడగానే లేస్తాం. పదిహేను రోజులు చూడండి. అమ్మకం తగ్గిందంటే మీరే తీసేయండి."

మీ సెక్షన్లో ఎంతమందో, ఏ వేళకు పల్చబడుతుందో నాకు తెలియదు, ఆ లెక్కలు నువ్వు సరిచేసుకో. ఇంట్లో మూడుసార్లు పైకి చదువు. లోపల అనుకున్నప్పుడు బాగానే ఉంటుంది గానీ, మొదటిసారి నోటితో అనేటప్పుడు మన గొంతు మనకే ఎవరిదోలాగా వినిపిస్తుంది. ఆ బెరుకంతా చంద్రగిరిలోనే అయిపోవాలి. మీ అత్తను ఎదురుగా కూర్చోబెట్టుకుని చదివితే ఇంకా మంచిది, మెట్టెల సంగతి ఆమెకూ తెలిసొస్తుంది.

రోజు చూసుకుని పో. శని, ఆదివారాలు వద్దు. శ్రావణమాసం పెళ్ళి బట్టలప్పుడు అసలొద్దు. ఆషాఢం డిస్కౌంటు బోర్డు వేలాడుతున్నప్పుడూ వద్దు. వారం మధ్యలో, బోణీ అయ్యాక, భోజనాలకు ముందు. బోణీ కాకముందు మాత్రం నోరు విప్పకు. ఆ వేళలో ఏ వ్యాపారిని ఏమడిగినా ముందు 'లేదు' అనే వస్తుంది, ఆ తర్వాత మాట మార్చుకోవడానికి మొహమాటపడతాడు.

ఒక్కదానివే పోవద్దు, అట్లాగని పదిమందీ పోవద్దు. పదిమంది పోతే ఆయనకు ముందు బెదురు పుడుతుంది, వెనకే కోపం వస్తుంది. పాతామె ఒకరిని వెంటబెట్టుకో. మన కొండమీద దేవుడి కథే చూడు. ఆకాశరాజు కూతుర్ని నాకిస్తావా అని నేరుగా అడగడానికి శ్రీనివాసుడంతటి వాడికి నోరు రాలేదు. ఎరుకలసాని వేషం కట్టి నారాయణవనం పోయి సోది చెప్పాడు, వకుళమ్మను రాయబారం పంపాడు. పెళ్ళి ఖర్చులకు కుబేరుడి దగ్గర అప్పు చేసినప్పుడు మాత్రం డొంకతిరుగుడు లేదు, సాక్షులను పెట్టుకుని పత్రం రాసిచ్చాడు. ఆ వడ్డీ ఇంకా తీరలేదనే కదా మనం హుండీలో వేస్తున్నది, వడ్డికాసులవాడని పేరు పెట్టి మరీ. ఎంత కావాలో, ఎప్పటికి తీరుస్తాడో చెప్పి అడిగాడు, దొరికింది. పేరూరు బండ మీద ఆ వకుళమ్మకు 2022లో గుడి బాగుచేసి మళ్ళీ ప్రతిష్ఠ చేశారు, చూసే ఉంటావు. మీ అంతస్తులోనూ ఒక వకుళమ్మ ఉంటుంది. పదేళ్ళు పైబడి అక్కడే పని చేస్తూ, ఓనరే పేరు పెట్టి పిలిచే అక్క. ఆమె కాళ్ళు కూడా నీలంగానే ఉంటాయి, చీర కింద కనపడవంతే.

తిట్టడానికైతే మన ఊళ్ళో ఒక పండగే ఉంది. గంగమ్మ జాతరలో వేషం కట్టినవాడు ఎంత మాటన్నా ఎవరూ ఏమీ అనుకోరు, అది మొక్కు కిందే లెక్క. అడగడానికి అట్లాంటి వారం ఎవరూ పెట్టలేదు.

ఆయన ఏమంటాడో కూడా చెప్తాను. "కస్టమర్లు వస్తే మీరు కూర్చుని కనపడితే ఏం మర్యాద?" అంటాడు. నా చిన్నప్పుడు చిత్తూరులో దీపావళి బట్టలకు మా అమ్మ నన్ను జవుళి అంగడికి తీసుకుపోయేది. తెల్లటి పరుపు పరిచి ఉండేది. అమ్మేవాడు బాసింపట్టు వేసుకుని కూర్చుని తానులు విసిరేవాడు, ఆ తాను దొర్లుకుంటూ వచ్చి మా అమ్మ మోకాళ్ళ దగ్గర ఆగేది. ఇద్దరూ కూర్చునే బేరమాడేవాళ్ళు. ఎవరి మర్యాదా ఎక్కడికీ పోలేదు. అద్దాల అంగళ్ళూ కౌంటర్లూ వచ్చాక కొనేవాళ్ళకు కుర్చీ వచ్చింది, అమ్మేవాళ్ళ పరుపు పోయింది. ఈ మాట ఆయనతో వాదనకు పెట్టుకోవాలని కాదు, నీ మనసులో ఉంచుకో.

ఇంకోటి కూడా ఉంచుకో. కేరళలో కోళికోడ్‌లో కుట్టుపని చేసుకునే విజి అనే ఆమె 'పెణ్‌కూట్టు' అని ఒక సంఘం పెట్టింది. అంగళ్ళలో పనిచేసే ఆడవాళ్ళకు ముందు బాత్రూం కోసం, తర్వాత కూర్చునే హక్కు కోసం ఏళ్ళ తరబడి పోరాడారు. 2018లో అక్కడి ప్రభుత్వం చట్టమే మార్చింది, అంగట్లో పనిచేసేవాళ్ళకు కూర్చునే వీలు కల్పించాలని. 2021లో తమిళనాడూ అదే పని చేసింది. అంటే చిత్తూరు నుంచి బస్సెక్కి వేలూరులో దిగితే, నీలాంటి అమ్మాయికి స్టూలు ఇవ్వాలని చట్టంలో ఉంది. ఫ్యాక్టరీల్లో నిలబడి పనిచేసేవాళ్ళకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలో, 44వ సెక్షన్‌లోనే రాశారు. ఈ కాగితాలు తీసుకుపోయి ఆయన బల్ల మీద కొట్టమని కాదు. కార్మిక శాఖ ఆఫీసు గడప తొక్కడం తర్వాతి మెట్టు, ముందు మెట్టు ఎక్కు. నువ్వడిగేది గొంతెమ్మ కోరిక కాదని నీకు తెలియాలి, అందుకు రాశాను. ఆ సంగతి తెలిసినవాళ్ళ గొంతు వణకడం తగ్గుతుంది.

మనవాళ్ళు లేదనే మాట అనరు, "చూద్దాం" అంటారు. అప్పుడు "సరే సార్" అని తల వంచుకుని వచ్చేస్తే ఆ స్టూలు అక్కడే చచ్చిపోతుంది. "మళ్ళా ఎప్పుడు అడగమంటారు సార్?" అను. ఆయన తేదీ చెప్తాడు, లేకపోతే ఆ పక్క ఈ పక్క చూస్తాడు. తేదీ చెప్తే ఆ రోజుకు పోయి నిలబడు. చెప్పకపోతే, "వచ్చే బుధవారం వస్తాను సార్" అని నువ్వే చెప్పు.

పని తీసేస్తే? తీసెయ్యడని నేను చెప్పలేను. గోడౌన్‌లో మడతలు పెట్టే పనికి మార్చినా మార్చొచ్చు. అందుకే జీతం చేతిలో పడ్డాకే అడుగు. పక్క వీధుల్లో 'సేల్స్‌కు ఆడవాళ్ళు కావలెను' బోర్డులు ఎక్కడున్నాయో ఒక కన్నేసి ఉంచు. నాలుగేళ్ళ అనుభవమున్న అమ్మాయిని పోగొట్టుకోవడం వాళ్ళకూ నష్టమే, కొత్తగా వచ్చినామెకు చీర కుచ్చిళ్ళు పెట్టి చూపించడం నేర్పేసరికి రెండు సీజన్లు పోతాయి. ఇవన్నీ తూచుకుని, ఇప్పుడు వద్దనిపిస్తే ఆగు. ఇంట్లో ఎవరి జీతం మీద ఏం నడుస్తోందో నీకే తెలుసు, నేను ఇక్కడ కూర్చుని ధైర్యం ఊదిపోస్తే నాకేం పోతుంది?

అడిగితే లేదన్న రోజులూ నాకున్నాయి. మా నాయన చిత్తూరులో మంచాన పడ్డప్పుడు, మూడు నెలలు పొద్దుటి డ్యూటీ ఇవ్వమని అడిగాను. కుదరదన్నారు, అందరి ముందరా. ఆ రాత్రి అన్నం సహించలేదు. మర్నాడు పక్క కౌంటరాయన టీ తాగుతూ, "మేడమ్, నా పొద్దుటి డ్యూటీ మీరు చేసుకోండి, నేను రాత్రికి వస్తా" అన్నాడు. నేను అడగడం విన్నాడట. ఆయన ముప్పై రోజులు మార్చుకున్నాడు. ఆ తర్వాత ఆయన ఇంట్లోనూ అవసరం పడింది. మిగతా రెండు నెలలకు ఎవరూ రాలేదు, జీతం లేని సెలవు పెట్టాను. అదీ జరిగింది.

ఇప్పుడు నీ కాళ్ళు. ఏ నూనైనా రుద్దుకో, హాయిగా ఉంటుంది, నరాలు మాత్రం నూనెకు లొంగవు. కాళ్ళలోకి దిగిన రక్తం మళ్ళీ పైకెక్కాలంటే పిక్క కండ కదలాలి. అది కదిలినప్పుడల్లా పంపు కొట్టినట్టు రక్తాన్ని పైకి నెడుతుంది. గంటల తరబడి కదలకుండా నిలబడితే రక్తం కిందే నిలిచి సిరలు ఉబ్బుతాయి, పాదాలు వాస్తాయి. కాబట్టి నిలబడ్డ చోటే మడమలెత్తి దించు, గంటకోసారి ఒక ఇరవై. చీర మడతపెడుతూ చేస్తే కెమెరాకు కూడా తెలియదు. ఇంటికి పోగానే పాదాలు చన్నీళ్ళలో పెట్టు, వేడినీళ్ళు వద్దు. పడుకునేటప్పుడు కాళ్ళ కింద రెండు దిండ్లు. పిక్కలకు వేసుకునే బిగుతు మేజోళ్ళుంటాయి, డాక్టరును అడిగి సైజు తెలుసుకునే కొనుక్కో. రుయా ఆసుపత్రిలో ఓపీ ఉన్న రోజు సెలవు చూసుకుని పోయి నరాలు చూపించుకో. ఒక కాలే ఉన్నట్టుండి వాచి, వేడిగా, నొప్పిగా ఉంటే మాత్రం సెలవు కోసం ఆగకు, ఆ పూటే పో.

నీళ్ళు తాగడం తగ్గించావు చూడు, దానికి నిన్ను దగ్గర కూర్చోబెట్టుకుని తిట్టాలి. నీళ్ళు తాగక, వచ్చినప్పుడు పోక ఓర్చుకుంటే మూత్రంలో ఇన్‌ఫెక్షను వస్తుంది, మంట, జ్వరం, ఇంకా ముదిరితే కిడ్నీల దాకా పోతుంది. గడియ లేని ఆరేళ్ళలో మా నలుగురిలో ఇద్దరం పడ్డాం ఆ బాధ. స్టూలు వచ్చాక లిఫ్టు అడుగు. రెండూ ఒకేరోజు అడక్కు.

మెట్టెల కొసలు కాస్త విడదీయమని కంసాలికి చెప్పు. రెండు నిమిషాల పని.

ప్రశ్న: సోదరీ, నేను చిత్తూరు వాసిని, వయస్సు 71, లెక్కల మాస్టారుగా పనిచేసి విరమించాను. కుడి కంటిలో శుక్లం బాగా ముదిరిందనీ, ఆపరేషను చేయించుకోవాలనీ డాక్టరు అంటున్నారు. మా అబ్బాయి బెంగళూరులో ఉద్యోగం. క్షణం తీరిక లేని పని. వాణ్ణి ఇబ్బంది పెట్టడం నాకు ఇష్టం లేదు. ఆపరేషను లేకుండా చుక్కల మందుతో శుక్లం కరిగే ఉపాయం ఏదైనా ఉందా?

జవాబు: లేదు మాస్టారూ. చుక్కలకు శుక్లం కరగదు. మసకబారిన కటకం తీసేసి కొత్తది పెట్టడమొక్కటే దారి, చాలామంది అదే రోజు ఇంటికి వచ్చేస్తున్నారు. కరిగిస్తామని సీసాలు అమ్మేవాళ్ళ జోలికి పోవద్దు.

కానీ మీకు కావలసింది చుక్కల మందు కాదని మీ ఉత్తరమే చెబుతోంది. అబ్బాయిని అడగకుండా గట్టెక్కే ఉపాయం అడుగుతున్నారు. ప్రతి ఆదివారం ఫోనులో మీరేమంటారో నేను చెప్పనా? "మాకేం నాయనా, బాగున్నాం, నువ్వు పని చూసుకో." ఫోను పెట్టేసి, "చూశావా, వస్తానని ఒక్క మాట అనలేదు" అని అమ్మగారితో అంటారు. మీ అబ్బాయి చేసిన తప్పల్లా మీ మాట నమ్మడమే. లెక్కలో ఇచ్చిన అంకె తప్పైతే జవాబు ఎట్లా సరిపోతుందో మీకు నేను చెప్పాలా!

ఈసారి ఫోను చేసి, "నాయనా, ఫలానా గురువారం నా కంటి ఆపరేషను. బుధవారం రాత్రికి రా. శుక్రవారం డాక్టరు చూశాక పోదువు. నాకు నువ్వు పక్కన ఉండాలని ఉంది" అనండి. బెంగళూరు నుంచి చిత్తూరు నాలుగు గంటల దారి, సముద్రాలు దాటి రానక్కర్లేదు. 'వీలైతే', 'కుదిరితే', 'నీ పనికి అడ్డం లేకపోతే' అనే మాటలు మూడూ కాగితం మీద రాసుకుని కొట్టేయండి. వాడికి ఆ గురువారం నిజంగా కుదరకపోతే వేరే గురువారం చెప్తాడు. శుక్లం ఆపరేషను ఒక వారం అటూ ఇటూ అయితే సాధారణంగా కొంపలేం మునగవు, అయినా డాక్టరుతో ఒక మాట అనుకోండి.

ఒక జాగ్రత్త. మీరు మాట్లాడుతుంటే అమ్మగారు పక్కనుంచి, "ఏం పర్వాలేదు లేరా, పక్కింటి వాళ్ళున్నారు" అని అందుకుంటారు. ముందే ఆమెతో మాట తీసుకోండి.

ప్రశ్న: అమ్మా, మాది పుత్తూరు. అందరికీ ఇట్లా అడుగు, అట్లా అడుగు అని చెప్తారు. మీకేం కావాలో ఇన్నేళ్ళలో ఎప్పుడూ రాయలేదే?

జవాబు: విరిగిన ఎముకలకు కట్టు కట్టే ఊరిదానివి, ఎక్కడ పట్టుకోవాలో బాగా తెలుసు నీకు.

నాలుగు కావాలి. సంపాదకులు గారూ, ఇది మీకు: వచ్చే నెల నుంచి ఈ శీర్షికకు ఇంకో అరపేజీ ఇవ్వండి. చూద్దాం అంటారని తెలుసు, పదో తారీఖున ఫోను చేస్తాను.

మిగతా మూడూ చదువరులకు. కాగితానికి ఒక వైపే రాయండి, రెండో వైపు సిరా ఇవతలికి ఊరుతోంది. సాయంత్రమైతే నా ఎడమ కంటికి అక్షరాలు జంటలు జంటలుగా కనపడుతున్నాయి, కాబట్టి పెన్సిలుతో వద్దు. తా.క.లు మాత్రం పెద్ద అక్షరాలతో రాయండి.